పదహారేళ్లకే ప్రొఫెషనల్ గోల్ఫర్ అవుతానంటున్నాడు, చదువు మానిపించాలా?

ప్రశ్న: మేం మెల్‌బోర్న్ పడమటి శివారు టార్నీట్‌లో ఉంటాం. మా బాబుకి 16 ఏళ్లు, ఇయర్ 11 చదువుతున్నాడు. నాలుగేళ్ల కిందట స్కూలు సెలవుల క్యాంపులో మొదటిసారి గోల్ఫ్ ఆడాడు. ఇప్పుడు హ్యాండిక్యాప్ 1.8. క్లబ్బులో అందరూ మెచ్చుకుంటారు. "ఆస్ట్రేలియా గోల్ఫర్ కామెరాన్ స్మిత్ అమెరికా కాలేజీకి వెళ్లాడా? ఇరవై ఏళ్లకల్లా ప్రొఫెషనల్ అయిపోలేదా? నేనూ ఇయర్ 12 మానేసి రోజంతా ప్రాక్టీస్ చేస్తా" అంటున్నాడు. మావారేమో డిగ్రీ చేతికొచ్చేదాకా ఆ మాటే ఎత్తొద్దంటున్నారు. ఇద్దరి మధ్యా నేను నలిగిపోతున్నాను. మాకు క్రికెట్ తప్ప వేరే ఆట తెలీదు. ఇందులో నిజంగా బతుకుతెరువు ఉందా? ఎంత ఖర్చవుతుంది? కుదరకపోతే వాడేమైపోతాడు?
– ఒక తల్లి, మెల్‌బోర్న్

సమాధానం: ఇయర్ 12 మానిపించకండి. గోల్ఫ్ కూడా ఆపించకండి. రెండేళ్లపాటు రెండూ కలిసి నడుస్తాయి, నడవాలి కూడా. ఎందుకో తెలియాలంటే మీరు రాసిన 1.8 దగ్గర మొదలుపెట్టాలి. హ్యాండిక్యాప్ అంటే కోర్సు ప్రమాణం కంటే రౌండుకి సుమారు ఎన్ని స్ట్రోకులు (దెబ్బలు) ఎక్కువ పడతాయో చెప్పే అంకె, తగ్గేకొద్దీ ఆట మెరుగు. ఆ అంకె చాలా ఇళ్లలో అపోహ పుట్టిస్తుంది.

నాలుగేళ్లలో 1.8కి రావడం మామూలు విషయం కాదు. అబ్బాయిలో ఆట ఉంది. కానీ ఆస్ట్రేలియాలో హ్యాండిక్యాప్ ఎలా కడతారో చూడండి. చివరి 20 రౌండ్లలో బాగా ఆడిన 8 రౌండ్లు తీసుకుని వాటి సగటు వేస్తారు. మిగతా 12 రౌండ్లు లెక్కలోకే రావు. అంటే 1.8 అనేది అతను బాగా ఆడిన రోజుల లెక్క. మామూలు రోజున ఎలా ఆడతాడో అది చెప్పదు. ఉదాహరణకు స్క్రాచ్ రేటింగ్ (సున్నా హ్యాండిక్యాప్ ఆటగాడికి పట్టే స్ట్రోకులు) 74, స్లోప్ (కోర్సు ఎంత కష్టమో చెప్పే అంకె, మామూలు కోర్సుకి 113) 132 ఉన్న కోర్సులో 76 కొట్టాడనుకుందాం. 76లోంచి 74 తీసేసి, వచ్చిన 2ని 113తో గుణించి 132తో భాగిస్తే 1.7 వస్తుంది. ఇది హ్యాండిక్యాప్‌కి ఎక్కుతుంది. మర్నాడు అదే కోర్సులో 83 కొడితే 7.7 వస్తుంది. అది ఆ 12లో పడి కనిపించకుండా పోతుంది. టోర్నమెంటులో మాత్రం 83 కొట్టిన రోజును ఎవరూ తీసి పక్కన పెట్టరు.

ఆస్ట్రేలియాలో ప్రొఫెషనల్‌గా మారి నిలదొక్కుకునే కుర్రాళ్ల హ్యాండిక్యాప్ సాధారణంగా ప్లస్ 4, ప్లస్ 5 దగ్గర ఉంటుంది. ప్లస్ అంటే సున్నాకి అవతలి వైపు, అంటే కోర్సు రేటింగ్ కంటే తక్కువ స్ట్రోకుల్లో ముగించేవాళ్లు. మీ అబ్బాయికీ వాళ్లకీ మధ్య రౌండుకి దాదాపు 6 స్ట్రోకుల తేడా ఉంది. నాలుగు రౌండ్ల టోర్నమెంటులో అది 24 అవుతుంది. రెండు రౌండ్లయ్యాక వెనకబడినవాళ్లను ఇంటికి పంపేస్తారు, దాన్నే కట్ అంటారు. డబ్బు చేతికొచ్చినవాడికీ శుక్రవారం సాయంత్రం బ్యాగు సర్దుకుని ఇంటికి పోయేవాడికీ మధ్య చాలాసార్లు ఒక్క స్ట్రోకే తేడా ఉంటుంది. ఇప్పుడే ప్రొఫెషనల్ అయితే ఏమవుతుందో ఇక చెప్పనక్కర్లేదు.

కాబట్టి ఈ వారాంతంలో ఒక పని చేయించండి. అతని గోల్ఫ్ లింక్ (హ్యాండిక్యాప్ లెక్కలుంచే వ్యవస్థ) రికార్డు తెరిచి, చివరి 20 రౌండ్లూ కాగితం మీద రాయించండి. పక్కనే మూడు గళ్లు గీయండి. ఒకదానిలో సొంత కోర్సా బయటి కోర్సా అని, ఇంకోదానిలో ఏ టీ (హోల్‌లో మొదటి షాట్ కొట్టే చోటు) నుంచి ఆడాడో, మూడోదానిలో అది పోటీయా లేక స్నేహితులతో ఆడిన రౌండా అని రాయించండి. తర్వాత బయటి కోర్సులో, వెనక టీల నుంచి, పోటీలో ఆడిన రౌండ్లను మాత్రం తీసుకుని, పైన 1.7, 7.7 కట్టినట్టే కట్టి వాటన్నిటి సగటు వేయండి. బాగా ఆడినవి ఏరుకోకూడదు. ఆ సగటు 1.8 కంటే మూడు నాలుగు ఎక్కువ వచ్చినా ఆశ్చర్యపోకండి, ఈ వయసులో అది మామూలే. అసలు హ్యాండిక్యాప్ అదే. ఇకపై ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు ఆ అంకెనే వాడండి.

ఇక కామెరాన్ స్మిత్ సంగతి. మీ అబ్బాయి చెప్పింది తప్పేం కాదు. స్మిత్ అమెరికా కాలేజీ దారిలో వెళ్లలేదు. 1993లో పుట్టాడు, 2013లో ప్రొఫెషనల్ అయ్యాడు. అయితే ఆ ఏడాదే ఆస్ట్రేలియన్ అమెచ్యూర్ (ఆటను వృత్తిగా తీసుకోనివాళ్ల) ఛాంపియన్‌షిప్ గెలిచాడన్న సంగతి అబ్బాయి మీకు చెప్పలేదు. దేశంలో అమెచ్యూర్లందరిలో పైచేయి అనిపించుకున్నాకే అటు మారాడు. బ్రిస్బేన్ ఉత్తరాన వాంటిమా అనే చిన్న క్లబ్బులో తండ్రి వెంట ఆడుతూ పెరిగాడు. చిన్నప్పటి కోచ్ గ్రాంట్ ఫీల్డ్‌తోనే పెద్ద టైటిళ్లదాకా వచ్చాడు.

తర్వాతి ఏళ్లు కూడా చూడండి. 2014లో ఏషియన్ టూర్‌లో (టూర్ అంటే ఏడాది పొడవునా సాగే టోర్నమెంట్ల వరుస) ఊరూరా తిరిగాడు. 2015లో ఛాంబర్స్ బేలో యూఎస్ ఓపెన్ (ఏటా జరిగే నాలుగు అతి పెద్ద పోటీల్లో, అంటే మేజర్లలో, ఒకటి) ఆడి, చివరి హోల్‌లో ఈగిల్ (నిర్ణీత లెక్కకి రెండు స్ట్రోకులు తక్కువ) కొట్టి నాలుగో స్థానం పంచుకున్నాడు. ఆ ఒక్క వారంతో మరో మేజర్ అయిన మాస్టర్స్‌కి 2016లో పిలుపొచ్చింది, అమెరికా టూర్ (పీజీఏ టూర్) తలుపు తెరుచుకుంది. అయినా ప్రొఫెషనల్‌గా మొదటి విజయం కోసం 2017 దాకా ఆగాల్సి వచ్చింది. అది కూడా స్వీడన్ ఆటగాడు యోనస్ బ్లిక్స్ట్‌తో జోడీగా గెలిచిన జూరిక్ క్లాసిక్. అదే ఏడాది చివర్లో ఆస్ట్రేలియన్ పీజీఏ గెలిచి, 2018లో దాన్ని నిలబెట్టుకున్నాడు. అమెరికా టూర్‌లో ఒంటరిగా మొదటి గెలుపు 2020 సోనీ ఓపెన్. 2022లో ప్లేయర్స్ ఛాంపియన్‌షిప్, ఆ జులైలో సెయింట్ ఆండ్రూస్‌లో 150వ ఓపెన్, అదీ మేజరే. ప్రొఫెషనల్ అయ్యాక మొదటి గెలుపుకి నాలుగేళ్లు, మేజర్‌కి తొమ్మిదేళ్లు పట్టాయి. అదీ దేశంలోనే మేటి అమెచ్యూర్‌కి.

గెలిచాక కూడా దారి తిన్నగా లేదు. 2022లోనే స్మిత్ పీజీఏ టూర్‌కి పోటీగా వచ్చిన లివ్ లీగ్‌కి మారాడు. డబ్బు బాగా వచ్చింది కానీ పీజీఏ టూర్‌లో ఆడే హక్కు పోయింది. 2025లో నాలుగు మేజర్లు ఆడితే ఒక్కదాంట్లోనూ కట్ దాటలేదు. ఓపెన్ గెలిచిన చేతులే అవి. ఈ ఆటలో ఎంతటివాడికైనా ఇలాంటి ఏడాది వస్తుంది. అందుకే డబ్బు లెక్కలు వేసేటప్పుడు మంచి ఏడాదిని పట్టుకుని వేయకూడదు.

స్మిత్ నుంచి మీ అబ్బాయి నేర్చుకోవాల్సింది ప్రొఫెషనల్ అయిన వయసు కాదు. 2022 ఓపెన్‌లో స్మిత్ చివరి రెండు రోజులు మళ్లీ చూడమనండి. మూడో రోజు 13వ హోల్‌లో పాదాలు బంకర్ (ఇసుక గొయ్యి) అంచున ఇరుకున పెట్టి, పైనున్న గడ్డిలోంచి గ్రీన్ (హోల్ ఉండే నున్నటి గడ్డి) మీదకి కొట్టబోయి డబుల్ బోగీ (లెక్కకి రెండు స్ట్రోకులు ఎక్కువ) చేశాడు. ఆ రోజు స్కోరు 73. ఆధిక్యం పోయి, చివరి రోజు నాలుగు స్ట్రోకుల వెనక మొదలుపెట్టాడు. ఆదివారం 10 నుంచి 14 దాకా వరుసగా ఐదు బర్డీలు (లెక్కకి ఒక స్ట్రోకు తక్కువ) కొట్టాడు. తర్వాత 17వ హోల్, రోడ్ హోల్. రెండో షాట్ గ్రీన్ ముందు ఎడమ పక్కన ఆగింది. బంతికీ జెండాకీ మధ్య రోడ్ బంకర్ నోరు తెరుచుకుని ఉంది. గాల్లోకి లేపి బంకర్ దాటించబోతే కాస్త పొట్టిగా పడితే ఇసుకలో, కాస్త పొడుగైతే అవతల రోడ్డు మీద. స్మిత్ పట్టర్ (బంతిని నేల మీద దొర్లించే కర్ర) తీశాడు. బంకర్ అంచు చుట్టూ తిరిగేలా గట్టు మీదుగా బంతిని దొర్లించాడు. ఇంకా మూడు మీటర్ల పట్ మిగిలింది. దాన్ని వేశాడు. 18లో బర్డీ. 64 కొట్టి, మొత్తం 268తో ఒక్క స్ట్రోకు తేడాతో గెలిచాడు. శనివారం దూకుడుకు రెండు స్ట్రోకులు పోగొట్టుకున్నవాడే ఆదివారం ఏ షాట్‌లో తక్కువ నష్టమో ఎంచుకుని కొట్టాడు.

స్మిత్ టూర్‌లో అందరికంటే దూరం కొట్టేవాడు కాదు. అతన్ని నిలబెట్టినవి వెడ్జ్ (దగ్గరి షాట్లకు వాడే కర్ర), పట్టర్. మీవాడి ప్రాక్టీస్ సమయం దేనికి పోతోందో ఒకసారి చూడండి. పదహారేళ్ల కుర్రాళ్లలో ఎక్కువమంది ప్రాక్టీస్ రేంజ్‌లో నిలబడి డ్రైవర్‌తో (దూరం కొట్టే పొడవాటి కర్ర) బంతుల బకెట్ తర్వాత బకెట్ ఖాళీ చేస్తారు. దానివల్ల రెండు నష్టాలు. స్కోరు తగ్గదు, పైగా ఎదిగే వయసులో నడుము కింది వెన్నుపూసలకు స్ట్రెస్ ఫ్రాక్చర్ వచ్చే ప్రమాదం ఉంటుంది. క్రికెట్‌లో కుర్ర ఫాస్ట్ బౌలర్లకు వచ్చేది ఇదే, కాబట్టి మీవారికి చెబితే వెంటనే అర్థమవుతుంది. నడుములో ఒకేపక్క నొప్పి రెండు వారాలు దాటి ఉంటే ఆట ఆపి స్పోర్ట్స్ డాక్టరుకు చూపించాలి.

స్కూలు అయ్యాక రెండు గంటలే దొరికితే అందులో గంట షార్ట్ గేమ్‌కి, అంటే గ్రీన్ దగ్గరి చిన్న షాట్లకీ పట్టింగ్‌కీ పోవాలి. పట్టింగ్‌కి కొలబద్ద కావాలంటే పీజీఏ టూర్ ఆటగాళ్ల సగటులే ఉన్నాయి. మూడు అడుగుల నుంచి నూటికి 96, ఐదు అడుగుల నుంచి 77, ఎనిమిది అడుగుల నుంచి 50, పది అడుగుల నుంచి 40. కాబట్టి ఐదు అడుగుల నుంచి 20 కొడితే 15, ఎనిమిది అడుగుల నుంచి 20 కొడితే 10 పడాలి. ఇక్కడే పిల్లలు తమని తాము మోసం చేసుకుంటారు. ఒకే చోట నిలబడి వరుసగా 20 కొడితే రెండో బంతికే వాలు తెలిసిపోతుంది, ఇక అన్నీ పడతాయి. పోటీలో ఆ రెండో బంతి ఉండదు. ఒకే బంతితో, ప్రతిసారీ హోల్ చుట్టూ కొత్త చోటుకి మారి, వెనక నిలబడి వాలు చూసి, పోటీలో చేసే పనులన్నీ చేసి కొట్టాలి. అలా వారానికి రెండుసార్లు చేసి అంకెలు రాసి పెట్టమనండి. మూడు నెలల తర్వాత ఆ పుస్తకం చూస్తే కోచ్‌కి అన్నీ తెలుస్తాయి.

డబ్బు సంగతికొద్దాం. క్రికెట్‌లో రాష్ట్ర జట్టు కాంట్రాక్టు దొరికితే ఆడినా ఆడకపోయినా జీతం ఉంటుంది. గోల్ఫ్ టూర్‌లో జీతం లేదు. ప్రతి వారం సున్నా నుంచి మొదలు. ముందు ఆడే హక్కు సంపాదించాలి, దాన్ని కార్డ్ అంటారు. ఇక్కడ మొదటి మెట్టు పీజీఏ టూర్ ఆఫ్ ఆస్ట్రలేషియా. దానికి క్వాలిఫయింగ్ స్కూల్ అనే పోటీ ఉంటుంది, రెండు దశల్లో. అందులో పైన నిలిస్తేనే మిగతా టోర్నమెంట్లలో చోటు. సీజన్ చివర ఆర్డర్ ఆఫ్ మెరిట్‌లో (సీజన్ మొత్తం ఆటను బట్టి ఇచ్చే ర్యాంకుల పట్టిక) మొదటి 3 స్థానాల్లోకి వస్తే ఐరోపా కేంద్రంగా నడిచే డీపీ వరల్డ్ టూర్ కార్డ్ దక్కుతుంది. అక్కడ ఏడాదంతా రాణించి, ముందే కార్డ్ ఉన్నవాళ్లను మినహాయించి మొదటి పదిమందిలో ఉంటే అమెరికా పీజీఏ టూర్ కార్డ్. అమెరికాలో ఈ మధ్య తలుపు ఇంకా ఇరుకైంది. 2026 నుంచి పూర్తి హక్కులు నిలబెట్టుకునేవాళ్లు 125 నుంచి 100కి తగ్గారు. కింది స్థాయి కార్న్ ఫెర్రీ టూర్ నుంచి పైకొచ్చేవాళ్లు 30 నుంచి 20కి తగ్గారు.

ఈ మెట్లు ఎక్కినవాడి పేరు ఒకటి అబ్బాయికి తెలిసే ఉంటుంది, ఎల్విస్ స్మైలీ. స్మిత్ తన పేరిట ఏటా కుర్ర ఆటగాళ్లను తన ఇంటికి పిలిపించుకుని వెంట ఉంచుకునే స్కాలర్‌షిప్ నడుపుతున్నాడు. స్మైలీ దాన్ని అందుకున్నవాడే. 2024లో రాయల్ క్వీన్స్‌లాండ్‌లో ఆస్ట్రేలియన్ పీజీఏని ఆ స్మిత్‌నే రెండో స్థానంలోకి నెట్టి గెలిచాడు, ఆ సీజన్ ఆర్డర్ ఆఫ్ మెరిట్ కూడా అతనిదే. అప్పటికి 22 ఏళ్లు.

ఇప్పుడు ఖర్చూ రాబడీ పక్కపక్కన పెట్టి చూడండి. ఇక్కడి టూర్‌లో పెద్ద టోర్నమెంట్లను పక్కన పెడితే, 2 లక్షల డాలర్ల ప్రైజ్ ఉన్న మామూలు టోర్నమెంటు తీసుకుందాం. విజేతకు 18 శాతం అంటే 36,000 డాలర్లు. పదో స్థానానికి సుమారు 2.7 శాతం, అంటే 5,400 దగ్గర. యాభైకి దగ్గర్లో ముగిస్తే వెయ్యి డాలర్లు రావడమే గగనం. కట్ దాటనివాళ్లకు ఏమీ రాదు. అదే వారం ఖర్చు చూస్తే మెల్‌బోర్న్ నుంచి పెర్త్‌కో డార్విన్‌కో విమానం, ఆరు రాత్రుల బస, అద్దె కారు, తిండి, ఎంట్రీ ఫీజు కలిపి 1,500 నుంచి 2,500 డాలర్లవుతుంది. ఏడాదికి 15 వారాలు తిరిగితే 22,000 నుంచి 38,000. కోచింగ్, బంతులు, గ్లవ్‌లు, వెడ్జ్‌లు, జిమ్ దీనికి అదనం. అందుకే ఈ స్థాయిలో చాలామంది క్యాడీని (బ్యాగు మోసే సహాయకుణ్ని) పెట్టుకోరు, ట్రాలీని తామే లాక్కుంటూ ఆడతారు. ఊళ్లలో క్లబ్ సభ్యుల ఇళ్లలో బస చేస్తారు, దాన్ని బిల్లెట్ అంటారు. సిగ్గుపడాల్సిందేం లేదు, పెద్ద పెద్దవాళ్లు కూడా అలాగే మొదలుపెట్టారు. పెద్ద టూర్‌కి వెళ్లాక క్యాడీకి వారం జీతంతో పాటు గెలిస్తే 10 శాతం, మొదటి పదిలో వస్తే 7, కట్ దాటితే 5 శాతం ఇవ్వడం రివాజు.

ఇంటి మీద రెండో తనఖా పెట్టి ఈ ఖర్చు భరించాలని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ప్రొఫెషనల్ అయ్యే రోజున రెండేళ్ల ఖర్చు చేతిలో ఉండాలి. అందులో సగం బయటి నుంచి రావాలి, క్లబ్ సభ్యులు వేసుకునే నిధి కావచ్చు, చిన్న స్పాన్సర్ కావచ్చు. ముక్కూమొహం తెలియనివాళ్లు డబ్బు పెట్టడానికి ముందుకు రావడం కూడా ఒక పరీక్షే, స్కోర్లు బాగుంటేనే వస్తారు. సంపాదన మొదలయ్యాక ఏబీఎన్ (ఆస్ట్రేలియా వ్యాపార నంబరు) తీసుకోవాలి, ఏడాది రాబడి 75,000 డాలర్లు దాటేలా ఉంటే జీఎస్టీ నమోదు చూసుకోవాలి. క్రీడాకారుల ఆదాయం ఒక ఏడాది ఆకాశంలో, మరో ఏడాది నేల మీద ఉంటుంది కాబట్టి పన్ను శాఖ ఇన్‌కమ్ యావరేజింగ్ అనే వెసులుబాటు ఇస్తుంది. ఆ విషయం తెలిసిన అకౌంటెంట్‌నే చూసుకోండి. అమెరికాలో ఆడితే ప్రైజ్‌లోంచి 30 శాతం ముందే పట్టుకుంటారు, తర్వాత రిటర్న్ వేసి ఖర్చులు చూపించుకోవాలి.

మీవారికి నచ్చే దారి ఒకటుంది, అబ్బాయి దాన్ని చిన్నచూపు చూడకూడదు. అదే అమెరికా కాలేజీ గోల్ఫ్. మాస్టర్స్ గెలిచిన మొదటి ఆస్ట్రేలియన్ ఆడమ్ స్కాట్ కొంతకాలం లాస్ వేగస్‌లోని నెవాడా యూనివర్సిటీకి ఆడాడు. పెర్త్‌లో పెరిగిన కార్ల్ విలిప్స్ స్టాన్‌ఫర్డ్‌లో చదువుతూ ఆడాడు. 2024లో కార్న్ ఫెర్రీ టూర్‌లోకి వచ్చి ఆ ఏడాదే యూటా ఛాంపియన్‌షిప్ గెలిచాడు, 2025 మార్చిలో ప్యూర్టో రికో ఓపెన్ గెలిచాడు. పీజీఏ టూర్ యూనివర్సిటీ అనే పద్ధతిలో కాలేజీ చివరి ఏడాది ర్యాంకుల్లో మొదటివాడికి నేరుగా పీజీఏ టూర్ కార్డే ఇస్తారు, ఆ తర్వాతి 9 మందికి కార్న్ ఫెర్రీలో చోటు. నాలుగేళ్లు చదువూ, ఆడటానికి మంచి కోర్సులూ దొరుకుతాయి, పోటీల ప్రయాణ ఖర్చులు కాలేజీవే.

దీనికి కావాల్సిందేమిటో చూడండి. అమెరికా కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ పై స్థాయి అయిన డివిజన్ 1లో ఆడాలంటే స్కూలు పూర్తి చేసి, 16 కోర్ సబ్జెక్టులు పాసై, మార్కుల సగటు (నాలుగుకి) 2.3 ఉండాలి. ఇయర్ 12 మానేస్తే ఈ తలుపు మూసుకుపోతుంది. ప్రొఫెషనల్‌గా మారినా అంతే. అబ్బాయికి చెప్పాల్సిన మాట ఇదొక్కటే, "నీ ఆట కోసమే ఇయర్ 12 పూర్తి చెయ్." మీవారి కోపం కంటే ఈ నిబంధనే బాగా పనిచేస్తుంది.

ఇయర్ 10 ముగిశాక వచ్చే జూన్ 15 నుంచి కాలేజీ కోచ్‌లు ఆటగాళ్లకు రాయవచ్చు. మీ అబ్బాయి ఇయర్ 11లో ఉన్నాడు కాబట్టి ఉత్తరాల పని ఇప్పుడే మొదలుపెట్టొచ్చు. ముప్పై కాలేజీలు ఎంచుకోండి. అందరికీ తెలిసిన పది పేర్లతో సరిపెట్టకండి. ఉత్తరంలో రెండు నిమిషాల వీడియో (ఎదుటి నుంచి ఒకటి, బంతి వెళ్లే దారి వెనక నుంచి ఒకటి), పోటీ స్కోర్ల పట్టిక, ప్రతి స్కోరు పక్కన కోర్సు పొడవు, స్క్రాచ్ రేటింగ్, స్కూలు మార్కులు ఉండాలి. ఉత్తరం అబ్బాయే రాయాలి. తల్లిదండ్రులు రాసినవాటిని కోచ్‌లు పక్కన పెట్టేస్తారు. హ్యాండిక్యాప్ చూసి వాళ్లు మురిసిపోరు, నాలుగు రౌండ్ల పోటీల స్కోర్లే అడుగుతారు. స్కూలు ముగిశాక ఏడాదికి మించి ఖాళీ పెట్టుకుని పోటీలు ఆడితే అర్హత ఉన్న సంవత్సరాలు తరిగిపోవచ్చు. ఇక్కడ డిసెంబరులో స్కూలు అయిపోతే అక్కడ ఆగస్టులో సెమిస్టర్ మొదలవుతుంది కాబట్టి మధ్యలో ఎనిమిది నెలలు ఆడుకోవచ్చు.

ఆ స్కోర్లు ఎక్కడ తేవాలంటే, క్లబ్బు జట్టు తరఫున పెన్నంట్ మ్యాచ్‌లతో మొదలుపెట్టండి. మనిషికి మనిషి ఎదురుగా ఆడే మ్యాచ్‌ప్లే అక్కడే అలవాటవుతుంది. మెల్‌బోర్న్ దక్షిణాన ఇసుక నేల మీదున్న క్లబ్బులు ప్రపంచ ప్రసిద్ధం, జూనియర్లను తక్కువ రుసుముకు తీసుకుంటాయి. టార్నీట్ నుంచి దూరమే అయినా గట్టి గ్రీన్‌ల మీద నెలకు రెండుసార్లు ఆడినా ఆట మారుతుంది. పోర్ట్ ఫిలిప్ ఓపెన్ అమెచ్యూర్, రివర్స్‌డేల్ కప్, న్యూసౌత్‌వేల్స్‌లో లేక్ మాక్వారీ అమెచ్యూర్ లాంటివి ప్రపంచ అమెచ్యూర్ ర్యాంకింగ్‌కి లెక్కవుతాయి. ఎంట్రీలు ఎక్కువైతే హ్యాండిక్యాప్‌ని బట్టి తీసేస్తారు, 1.8తో కొన్నిటిలో చోటు దొరక్కపోవచ్చు. మొదటి ఏడాది రాష్ట్ర జూనియర్ పోటీలతో నింపండి. ప్రొఫెషనల్ ఆట దగ్గర్నుంచి చూడాలనుకుంటే జీలాంగ్ దాటాక బార్వన్ హెడ్స్‌లో 13త్ బీచ్‌కి విక్ ఓపెన్ సమయంలో తీసుకెళ్లండి. శుక్రవారం మధ్యాహ్నం కట్ గీత మీద ఊగిసలాడుతున్న ఆటగాడి వెంట 9 హోల్స్ నడవమనండి. ముందున్నవాళ్ల వెంట వద్దు.

ఒక జాగ్రత్త. అమెచ్యూర్‌గా ఉన్నన్నాళ్లూ ప్రైజ్‌కి పరిమితి ఉంటుంది, దాటి తీసుకుంటే అమెచ్యూర్ హోదా పోతుంది. 2022లో నిబంధనలు సడలించాక స్పాన్సర్ల నుంచి సాయం, ఆడే కర్రలు, బట్టలు తీసుకోవడం తప్పు కాదు. కానీ కాలేజీ దారి ఆలోచిస్తుంటే ఎవరి దగ్గరా సంతకం పెట్టే ముందు గోల్ఫ్ ఆస్ట్రేలియానీ, కాలేజీ కోచ్‌నీ రాతపూర్వకంగా అడగండి.

కుదరకపోతే అని అడిగారు. గోల్ఫ్‌లో టూర్ ఒక్కటే బతుకుతెరువు కాదు. పీజీఏ ఆఫ్ ఆస్ట్రేలియా మెంబర్‌షిప్ పాత్‌వే ప్రోగ్రామ్‌లో చేరినవాళ్లు ఏదైనా క్లబ్బులో ఉద్యోగం చేస్తూ, జీతం తీసుకుంటూ మూడేళ్లు చదువుతారు. కోచింగ్, క్లబ్ ఫిట్టింగ్ (ఆటగాడికి సరిపడే కర్రలు అమర్చడం), దుకాణం నడపడం, పోటీలు నిర్వహించడం నేర్చుకుంటారు. ట్రైనీ పోటీలూ ఆడతారు. పూర్తయ్యాక కోచ్‌గానో క్లబ్ మేనేజరుగానో స్థిరమైన ఉద్యోగం ఉంటుంది. క్వీన్స్‌లాండ్ ఉత్తరాన ఊరూరా జరిగే ప్రో-యామ్‌లలో (ప్రొఫెషనళ్లూ అమెచ్యూర్లూ కలిసి ఆడే పోటీలు) పోటీ పడే హక్కూ ఉంటుంది. చెల్టెన్‌హామ్‌లోని ఆస్ట్రేలియన్ గోల్ఫ్ సెంటర్‌కి వెళ్తే దీని వివరాలు నేరుగా తెలుసుకోవచ్చు. దీన్ని ఓడిపోయినవాళ్ల దారిగా ఇంట్లో ఎవరూ మాట్లాడకండి. చాలామంది దీన్నే కోరి ఎంచుకుంటారు, బాగా బతుకుతున్నారు.

తండ్రీకొడుకుల పట్టుదల విషయానికొస్తే, వాదన ఆపి ఒక కాగితం రాసుకోమనండి. పైన చెప్పిన అసలు సగటు, అంటే బయటి కోర్సుల్లో వెనక టీల నుంచి ఆడిన పోటీ రౌండ్లన్నిటి సగటు, ఇయర్ 12 ముగిసేనాటికి స్క్రాచ్ రేటింగ్ దగ్గరికి రావాలి. వస్తే కాలేజీ గోల్ఫ్, లేదా ఇక్కడే డిగ్రీ చదువుతూ అమెచ్యూర్ పోటీలు. ఆ సగటు రేటింగ్ కంటే మూడు స్ట్రోకులు కిందికి దిగి ఏడాదంతా అక్కడే నిలిస్తే అప్పుడు క్వాలిఫయింగ్ స్కూల్ గురించి మాట్లాడుకోవచ్చు. రాకపోతే చదువు ముందు, ఆట వెనక, లేదా పీజీఏ ప్రోగ్రామ్. మీవారు కూడా ఒక మాట రాయాలి. అంకె వచ్చిన రోజున అడ్డు చెప్పనని. జూన్‌లో ఒకసారి, డిసెంబరులో ఒకసారి ముగ్గురూ కూర్చుని అంకెలు చూడండి. కోచ్‌కి కూడా ఒక ప్రతి ఇవ్వండి, ప్రాక్టీస్ దేనికి పెట్టాలో ఆయన దాన్ని బట్టి మారుస్తాడు.